రెండు నెట్ కనెక్షన్లు ఒకే రౌటర్‌కి కలపాలి, ఏది కొనమంటారు?

రామగిరి_నైట్‌షిఫ్ట్ (నల్గొండ)

అందరికీ నమస్తే. మాది నల్గొండలో రామగిరి. నేను హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే సపోర్ట్ పని చేస్తాను, సాయంత్రం 6కి లాగిన్ అయితే మళ్లీ లేచేది అర్ధరాత్రి దాటాకే. మా ఆవిడ సరిగ్గా అదే టైముకి తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తుంది. పై పోర్షన్‌లో తమ్ముడి వాళ్లు ఉంటారు. ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లు, నాలుగు సీసీ కెమెరాలు అన్నీ లెక్కేస్తే ఇరవై దాకా తేలాయి.

లైన్లు రెండున్నాయి. ఒకటి లోకల్ కేబుల్ ఆయన ఇచ్చిన ఫైబర్, 100 ఎంబీపీఎస్. అది ఊరికే పోతోందని వేరే కంపెనీది 50 ఎంబీపీఎస్ కూడా పెట్టించాను. ఇప్పుడు ఇంట్లో రెండు మోడెంలు, రెండు వైఫై పేర్లు. ఒకటి పోతే ఎవరికి వాళ్లు ఫోన్ తీసి ఇంకోదానికి మార్చుకోవాలి.

పోయిన గురువారం మా ఆవిడ క్లాసులో ఉండగా లైన్ పోయింది. వైఫై గుర్తు మాత్రం నిండుగా చూపిస్తూనే ఉంది, ఎందుకంటే ల్యాప్‌టాప్‌కి మోడెంకి మధ్య ఏమీ తెగలేదు, తెగింది బయట. తెర మీద పిల్లల బొమ్మలు ఆగిపోతే వాళ్లవైపు నెట్ బాగా లేదేమో అనుకుని, రికార్డింగ్ అయినా ఉపయోగపడుతుందని త్రికోణమితి లెక్క చెప్తూ పోయింది. ఫోన్ సైలెంట్‌లో ఉంది. తర్వాత తీసి చూస్తే 'మేడమ్ వినపడట్లేదు' అని పదకొండు మెసేజ్‌లు. మార్చిలో పది పరీక్షలు రాసే పిల్లలు, చిట్యాల నుంచి ఒకమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ ఖాళీ అయ్యేదాకా ఆగి మరీ క్లాసులో కూర్చుంటుంది. నాకు చాలా బాధేసింది.

అడగాలనుకున్నవి ఇవీ. రెండూ కలిపితే 150 వస్తుందా? లైన్ పోయిన సంగతి మేము గమనించక ముందే రౌటర్ దానంతట అదే కనిపెట్టి రెండోదానికి మారుతుందా? బడ్జెట్ ఆరేడు వేలు. పాత వైఫై రౌటర్ ఒకటి మంచిదే ఉంది, దాన్ని పారేయకుండా వాడుకోవచ్చా?


పాలమూరు_కేబులింగ్ (మహబూబ్‌నగర్)

అన్నా, నేను ఇక్కడ హాస్టళ్లకీ, చిన్న ఆస్పత్రులకీ నెట్‌వర్క్ పని చేస్తాను, వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు 150 సంగతి. రాదు. నల్గొండ నుంచి హైదరాబాద్ పోవడానికి నార్కట్‌పల్లి మీదుగా ఒక దారి ఉంది, మునుగోడు మీదుగా చౌటుప్పల్‌కి తేలే దారి ఇంకోటి ఉంది. దారులు రెండున్నాయని ఒక కారు రెండింట్లోనూ పోలేదు కదా. బయల్దేరేటప్పుడు ఏ దారి పడితే చివరిదాకా అదే. లోడ్ బ్యాలెన్సింగ్ రౌటర్ చేసేది కూడా అంతే, ఒక్కో కనెక్షన్ మొదలైనప్పుడు దాన్ని ఏదో ఒక లైన్‌లోకి పంపుతుంది, అది ముగిసేదాకా ఆ లైన్‌లోనే ఉంటుంది. ఒక ఫైల్ ఒకే కనెక్షన్ మీద దిగుతుంటే 100 లైన్‌లో పడితే 100, 50 లైన్‌లో పడితే 50. స్పీడ్ టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి అందులో అప్పుడప్పుడు 140 కనపడొచ్చు, అది చూసి మోసపోవద్దు. మీ ఆఫీసు వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌లోకి వేసే భద్రమైన దారి) అయితే మొత్తం ఒకే గొట్టం, అది ఒక లైన్ మీదే నడుస్తుంది. అయితే మీ ఇంట్లో లాగా ఇరవై పరికరాలు ఉన్నచోట బండ్లు రెండు దారుల్లోకి చీలిపోతాయి కాబట్టి సాయంత్రం పూట ఇరుకు తగ్గుతుంది, ఆ మేలు మాత్రం నిజంగా ఉంటుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, నన్నడిగితే మీకు అసలు కావలసింది ఇదే. దీన్ని ఫెయిల్‌ఓవర్ అంటారు. డబ్బా మీద 'డ్యూయల్ వ్యాన్' (వ్యాన్ అంటే బయటి లైన్ వైపు, అలాంటివి రెండు) అని రాసి ఉంటే సరిపోదు. లైన్ పోయిందని రౌటర్ దేన్ని చూసి తెలుసుకుంటుంది అన్నది అడగాలి. చవక రౌటర్లు కొన్ని వ్యాన్ పోర్టులో వైరు ఉందా లేదా అన్నంతవరకే చూస్తాయి. మీ ఆవిడ గారి ల్యాప్‌టాప్‌కి గురువారం జరిగిందే ఆ రౌటర్‌కి కూడా జరుగుతుంది, మోడెం వెలుగుతోంది కదా అంతా బాగుంది అనుకుంటుంది. మోడెం దాటి బయట ఉన్న ఒక అడ్రస్‌ని కొన్ని సెకన్లకోసారి పలకరించి, జవాబు రాకపోతే ఆ లైన్‌ని పక్కన పెట్టే రౌటర్ కావాలి.

మీ బడ్జెట్‌లో టీపీ-లింక్ ఈఆర్605 తీసుకోండి. ఐదు గిగాబిట్ పోర్టులు, అందులో ఒకటి వ్యాన్‌కే, ఒకటి ల్యాన్‌కే (ఇంట్లోని పరికరాల వైపు), మధ్య మూడూ మన ఇష్టం. రెండో వెర్షన్ అయితే యూఎస్‌బీ పోర్టులో 4జీ డాంగిల్ (సిమ్ వేసి నెట్ తీసుకునే చిన్న పరికరం) కూడా పెట్టుకోవచ్చు, కొనేటప్పుడు వెర్షన్ చూసుకోండి. దీంట్లో వైఫై ఉండదు, మీ పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చి దీనికి తగిలించండి, పారేయాల్సిన పనే లేదు.

పెట్టాక తప్పకుండా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆన్‌లైన్ డిటెక్షన్ అనే పేజీలో ఆటో తీసేసి మాన్యువల్ పెట్టండి, ఒక లైన్‌కి 8.8.8.8, రెండోదానికి 1.1.1.1 పింగ్ చేయమని (అంటే ఆ బయటి అడ్రస్‌ని పలకరించమని) ఇవ్వండి. వ్యాన్ పేజీల్లో ఒక్కో లైన్ అసలు స్పీడ్ రాయండి, అది కేబీపీఎస్‌లో అడుగుతుంది, 100 ఎంబీపీఎస్ అంటే 1,00,000. అది రాయకపోతే రెండు లైన్లూ సమానమే అనుకుని చిన్న లైన్ మీద కూడా సగం బరువు వేస్తుంది. ఇక రెండు మోడెంల వైఫై ఆపేయండి, ఇది చాలామంది మర్చిపోతారు. ఆపకపోతే ఫోన్లు పాత పేరునే పట్టుకుని కొత్త రౌటర్‌ని తాకకుండా పోతాయి, తర్వాత 'పెట్టినా పనిచేయట్లేదు' అని ఫోన్ చేస్తారు.


మిర్యాలగూడ_మిల్లు_లెక్కలు

పై అన్న చెప్పినదాంతో ఒప్పుకుంటాను, ఒక్కటి కలుపుతాను. నేను రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. మా ఆఫీసులో రెండు లైన్లు కలిపిన కొత్తలో బ్యాంకు సైటులో లాగిన్ అయి ధాన్యం డబ్బులు పంపుతుంటే మధ్యలో 'మీ సెషన్ ముగిసింది' అని బయటికి తోసేసేది. రైతులు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు, నేను నాలుగోసారి ఓటీపీ కొడుతున్నాను. కారణం ఏంటంటే, పేజీ తెరిచినప్పుడు ఒక లైన్ ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ లైన్‌కి ఇంటి నంబర్ లాంటిది) కనపడుతుంది, బటన్ నొక్కేసరికి కొత్త కనెక్షన్ రెండో లైన్‌లో పోయి ఇంకో ఐపీ కనపడుతుంది, బ్యాంకు సర్వర్ ఎవరో మధ్యలో దూరారని అనుమానించి తలుపు మూసేస్తుంది. దాని తప్పు కాదు, మన సెట్టింగ్ తప్పు.

ఈఆర్605లో అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రౌటింగ్ అని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టండి. ఏ పరికరం ఏ సైటుతో మాట్లాడుతోందో చూసి ఆ జంటని ఒకే లైన్‌లో ఉంచుతుంది.

నేను వాడేది మాత్రం మైక్రోటిక్ హెక్స్. ఐదు గిగాబిట్ పోర్టులు, చాలా గట్టిది, మిల్లు దుమ్ములో కూడా ఆగకుండా నడుస్తోంది. కానీ మీకు అది చెప్పను. దీంట్లో లోడ్ బ్యాలెన్సింగ్ అంటే ఒక టిక్ కాదు, మ్యాంగిల్ రూల్స్ (ఏ కనెక్షన్ ఎటు పోవాలో గుర్తు వేసేవి) మనమే రాసుకోవాలి, పీసీసీ అనే పద్ధతిలో కనెక్షన్లని పంచాలి, అందులో పోర్టు నంబర్లు కలపకుండా రెండు వైపుల అడ్రస్‌లు మాత్రమే చూడమని ఇస్తేనే నేను చెప్పిన బ్యాంకు గొడవ రాదు. ముందే ఉండే ఫాస్ట్‌ట్రాక్ రూల్ (కనెక్షన్లని మిగతా రూల్స్ చూడకుండా త్వరగా పంపేసేది) తీసేయకపోతే రాసిన రూల్స్ సగం పనిచేసి సగం చేయవు, నాకు రెండు ఆదివారాలు దీనికే పోయాయి. నేర్చుకోవాలన్న ఆసక్తి, చదివే ఓపిక ఉంటే దీన్ని మించింది లేదు. సాయంత్రం క్లాసు ఉన్న ఇంట్లో అయితే వద్దు.


రామగిరి_నైట్‌షిఫ్ట్ (నల్గొండ)

ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, షాపులో అడిగితే 'ఏదైనా పనిచేస్తది సార్' అన్నారు.

ఇంకో రెండు అనుమానాలు. ఆసుస్ రౌటర్లలో వైఫై, డ్యూయల్ వ్యాన్ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి కదా, అది సులువు కాదా? ఇంకోటి, మోడెంలని బ్రిడ్జ్ మోడ్‌లో (మోడెం తన రౌటర్ పని మానేసి లైన్‌ని నేరుగా అందించేలా) పెట్టాలి, లేకపోతే డబుల్ నాట్ అవుతుంది అని ఎక్కడో చదివాను. కేబుల్ ఆయనకి ఫోన్ చేస్తే చేస్తానన్నాడు, కంపెనీ వాళ్లు మా మోడెంలో అది కుదరదన్నారు. టెన్షన్‌గా ఉంది, దీనికోసం లైన్ మార్చాలా?


పాలమూరు_కేబులింగ్ (మహబూబ్‌నగర్)

లైన్ మార్చకండి, అసలు అవసరం లేదు. డబుల్ నాట్ అంటే మోడెం ఒకసారి, రౌటర్ ఒకసారి అడ్రస్ మార్చడం, అంతే. క్లాసులకీ, కాల్స్‌కీ, మీ వీపీఎన్‌కీ దానివల్ల తేడా రాదు. బయటి నుంచి ఇంట్లోకి పోర్టు తెరవాలంటే ఇబ్బంది, కానీ చాలా కనెక్షన్లలో సీజీనాట్ ఉంటుంది, అంటే పబ్లిక్ ఐపీ మనకి విడిగా ఇవ్వరు, అప్పుడు బ్రిడ్జ్ చేసినా పోర్టు తెరుచుకోదు. కెమెరాలు యాప్ ద్వారా చూస్తుంటే అది ఎలాగైనా నడుస్తుంది. కేబుల్ ఆయన చేస్తానన్నాడు కాబట్టి ఆ ఒక్కటీ చేయించుకోండి, ఆయన దగ్గర పీపీపీఓఈ (లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ (ఆ లైన్‌కి ఇచ్చే గుర్తు నంబర్) ఉంటే అదీ ఒక కాగితం మీద రాయించుకోండి, వాట్సాప్‌లో పంపుతాలే అంటే వదలకండి.

బ్రిడ్జ్ కన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. రెండు మోడెంలూ 192.168.1.1 మీదే ఉండే అవకాశం ఎక్కువ, రెండూ అదే వరసలో అడ్రస్‌లు ఇస్తే రౌటర్‌కి ఏది ఎటో తెలియక తికమక పడుతుంది. ఒక మోడెంని 192.168.2.1కి మార్చండి, ఈఆర్605 లోపలి వైపు 192.168.10.1 అలా ఇంకేదైనా పెట్టండి. మూడూ మూడు వరసల్లో ఉండాలి.

ఆసుస్ మంచివే, చాలా మోడళ్లలో ఒక ల్యాన్ పోర్టునో యూఎస్‌బీనో రెండో వ్యాన్‌గా పెట్టుకోవచ్చు, ఫెయిల్‌ఓవర్ కావాలా లోడ్ బ్యాలెన్స్ కావాలా అని ఒకటి ఎంచుకోమంటుంది. కొత్తగా వైఫై కూడా కొనాల్సిన ఇంటికి నేను అదే చెప్తాను. మీకు మంచి వైఫై రౌటర్ ఇప్పటికే ఉంది. పైగా ఈఆర్605 గోడకి ఒక మూల, మోడెంల పక్కన ఉంటుంది, వైఫై డబ్బా ఇంటి నడుమ ఉంటుంది, రెండూ ఒకటే అయితే ఏదో ఒక చోట రాజీపడాలి.

పాలసీ రౌటింగ్ అని ఒకటి ఉంది, అది మీ ఇంటికి చాలా పనికొస్తుంది. మేడమ్ ల్యాప్‌టాప్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేసి అది ఎప్పుడూ 50 లైన్‌లోనే వెళ్లాలి అని రాయండి, ఊరికే పోయేది 100 లైన్ అన్నారు కదా. మీ ఆఫీసు ల్యాప్‌టాప్ 100 లైన్‌లో. మోడ్ దగ్గర 'ఓన్లీ' పెట్టొద్దు, 'ప్రయారిటీ' పెట్టండి. ఓన్లీ పెడితే ఆ లైన్ పోయినా రెండోదానికి పోదు, కొన్నదంతా వృథా.


వనపర్తి_ఇన్వర్టర్ (వనపర్తి)

రౌటర్ గురించి అన్నీ చెప్పేశారు. నేను అడిగేది వేరు. మీ ఇంటికి రెండు వైర్లు ఏ స్తంభం నుంచి వస్తున్నాయో ఎప్పుడైనా బయటికెళ్లి చూశారా? మా వీధిలో నాకూ రెండు లైన్లే, రెండు కంపెనీలే, కానీ రెండు ఫైబర్లూ ఒకే కరెంటు స్తంభానికి ఒకే టై తో కట్టి ఉన్నాయి. మూలమలుపులో గడ్డి లారీ తగిలి రెండూ ఒకేసారి తెగాయి. మా అమ్మకి ఆపరేషన్ అయిన వారం అది, హైదరాబాద్ డాక్టరు గారితో వీడియోలో మాట్లాడాల్సిన రోజు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఎలాగో నెట్టుకొచ్చాం, ఆ పదిహేను నిమిషాలు నేను సిగ్నల్ గీతలు చూస్తూనే కూర్చున్నాను.

అప్పటినుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే, రెండో లైన్ రెండో దారిలో రావాలి. ఒకటి ఫైబర్ అయితే రెండోది గాలిలో వచ్చే 5జీ ఎయిర్‌ఫైబర్ తీసుకోండి, లేదా కనీసం డాంగిల్. స్పీడ్ తగ్గినా ఫర్వాలేదు, వీడియో క్లాసుకి నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు.

ఇక కరెంటు. ఇన్వర్టర్ ఉన్నా కూడా కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కొన్ని మోడెంలు రీస్టార్ట్ అవుతాయి, మళ్లీ లేచేసరికి రెండు మూడు నిమిషాలు. రౌటర్లకి పెట్టే మినీ యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టుకోండి. అయితే ప్రతి డబ్బా అడాప్టర్ తిప్పి ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని చదవండి. చాలా మోడెంలు 12 వోల్టులే, కానీ 9 వోల్టులవీ ఉంటాయి, పిన్ను పట్టింది కదా అని గుచ్చితే కాలిపోతుంది. మొత్తం ఆంపియర్లు కలిపి యూపీఎస్ ఇచ్చేదానికన్నా తక్కువ ఉండాలి. మోడెం రెండు, రౌటర్ ఒకటి, వైఫై డబ్బా ఒకటి, నాలుగింటికీ కరెంటు ఉంటేనే నెట్, ఒక్కటి వదిలేసినా లాభం లేదు.


రామగిరి_నైట్‌షిఫ్ట్ (నల్గొండ)

పది రోజుల తర్వాత రాస్తున్నాను, సాయం చేసినవాళ్లకి చెప్పకపోతే బాగుండదు.

ఈఆర్605 రెండో వెర్షన్ తెప్పించాను. మొదటి గంట రెండో వ్యాన్ పైకి రానే లేదు. పాలమూరు అన్న చెప్పింది గుర్తొచ్చి చూస్తే నిజమే, రెండు మోడెంలూ 192.168.1.1. కంపెనీ మోడెంని 2.1కి మార్చాను, నిమిషంలో రెండు లైట్లూ వచ్చాయి. అక్కడే ఇంకోటి బయటపడింది, 100 లైన్‌కి నేను వాడిన పాత వైరులో లోపల నాలుగు తీగలే ఉన్నాయి. 100 ఎంబీపీఎస్ ప్లానుకి అది సరిపోతుంది గానీ రేపు ప్లాన్ పెంచితే అక్కడే ఆగిపోతుంది, అందుకని ఎనిమిది తీగల క్యాట్ 6 తెచ్చి మార్చేశాను.

పరీక్ష ఎలా చేశానో చెప్తాను, ఇది చేయబోయేవాళ్లకి ఉపయోగం. ముందు మోడెం నుంచి రౌటర్‌కి వచ్చే వైరు పీకి చూశాను, వెంటనే మారింది, సంబరపడ్డాం. మా ఆవిడ అంది, 'ఆ రోజు వైరు ఎవరూ పీకలేదు కదా, మోడెం వెలుగుతూనే ఉంది' అని. ఆ మాట పట్టుకుని ఈసారి మోడెం వెనక ఆకుపచ్చ పిన్ను ఉంటుంది చూడండి, ఫైబర్‌ది, దాన్ని మెల్లగా లాగాను (ఆ కొన కంటికేసి పెట్టుకుని చూడొద్దు, వెలుతురు కనపడదు గానీ కంటికి మంచిది కాదు). ఎల్ఓఎస్ లైటు (ఫైబర్ సిగ్నల్ పోయిందని చెప్పేది) ఎర్రగా కొట్టుకోవడం మొదలైంది. మా ఆవిడ పక్క గదిలో ఖాళీ క్లాసు తెరిచి, నా ఫోన్‌ని పిల్లాడిలా చేర్చి ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతోంది. ఆటోలో ఉన్నప్పుడు నిమిషం దాటినా మారలేదు. మాన్యువల్ పెట్టి 8.8.8.8 ఇచ్చాక, ఇరవై రెండు అనేసరికి బొమ్మ ఆగింది, ముప్పై ఒకటికి మళ్లీ కదిలింది. క్లాసు దానంతట అదే కలుపుకుంది, లింకు మళ్లీ నొక్కాల్సిన పని పడలేదు. నా వీపీఎన్ మాత్రం తెగి మళ్లీ లాగిన్ అడుగుతుంది.

స్తంభం కూడా చూశాను వనపర్తి అన్నా. రెండూ ఒకే స్తంభం. మీరు అడిగే దాకా తల ఎత్తి చూడాలన్న ఆలోచనే రాలేదు. 50 లైన్ ఆర్నెల్ల ప్లాన్ అయిపోయేదాకా డాంగిల్‌తో నడిపి, తర్వాత ఎయిర్‌ఫైబర్‌కి మారుదామనుకుంటున్నాం. అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

చివరిగా ఒకటి, ఆ మధ్యలో పోయే పది సెకన్లు కూడా పోకుండా చేసే మార్గం ఏమైనా ఉందా?


పాలమూరు_కేబులింగ్ (మహబూబ్‌నగర్)

మేడమ్ గారు అడిగిన ప్రశ్న మా కుర్రాళ్లకి చూపించాను, ఇకనుంచి మేము కూడా ఫైబర్ పిన్ను లాగే పరీక్ష చేస్తాం.

పది సెకన్లు కూడా వద్దంటే దాన్ని బాండింగ్ అంటారు. బయట ఎక్కడో ఒక సర్వర్ పెట్టుకుని, రెండు లైన్ల మీదుగా దానికి గొట్టం వేసి, అక్కడి నుంచి ఒకే ఐపీతో బయటికి వెళ్లడం. అప్పుడు ఒక లైన్ పోయినా అవతలివాళ్లకి ఐపీ మారదు, కాల్ తెగదు. స్పీడిఫై అనే యాప్ ఇదే చేస్తుంది, నెల నెలా డబ్బు కట్టాలి. సొంతంగా చేసుకోవాలంటే ఓపెన్ఎంపీటీసీపీరౌటర్ ఉంది, దానికి అద్దె సర్వర్ కావాలి, ఆ సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే సమయం ప్రతి మాటకీ కలుస్తుంది. పది సెకన్ల కోసం ఇంటికి అంత అవసరం లేదు. అదే డబ్బుతో ముందు మినీ యూపీఎస్ కొనండి.


వనపర్తి_ఇన్వర్టర్ (వనపర్తి)

అమ్మ బాగుంది తమ్ముడూ, నడుస్తోంది. డాంగిల్ పెట్టేటప్పుడు యూఎస్‌బీ వైరు ఒక మీటరుది తీసుకుని కిటికీ దగ్గర వేలాడదీయండి, గోడ మూల కన్నా సిగ్నల్ బాగా పట్టుకుంటుంది. సిమ్ మాత్రం మీ ఫోన్లకి ఏది నిండుగా వస్తుందో ఆ కంపెనీదే వేయండి.